27వ వారం

పెళ్ళయిన ఆరు నెలలకి ఆ ప్రశ్న మొదలవుతుంది. తెలుగులో “ఏమైనా విశేషమా?” అంటారు. తమిళంలో “ఏదావదు విశేషం ఉండా?” అంటారు. మాది రెండు భాషల ఇల్లు. అమ్మవాళ్ళు నాలుగు తరాలుగా పాత వాషర్‌మెన్‌పేటలో ఉంటున్న తెలుగువాళ్ళు. అప్పా తిరువణ్ణామలై వైపు తమిళులు. మా ఇంట్లో ప్రతి వస్తువుకీ రెండేసి పేర్లు. చారు అనాలా, రసం అనాలా అన్న పంచాయతీ ఇప్పటికీ తేలలేదు. ఈ ఒక్క ప్రశ్న దగ్గర మాత్రం రెండు భాషలూ ఒకే మాట వాడుకుంటాయి.

పిల్లల గురించి మా రెండు భాషల్లోనూ మాటలకి కరువు లేదు. దీవించడానికి తెలుగులో “పిల్లాపాపలతో చల్లగా ఉండండి” ఉంది. తమిళంలో “పదినారుం పెట్రు పెరువాళ్వు వాళ్గ” ఉంది. ఆ పదహారూ పిల్లలు కాదు, పదహారు రకాల సంపదలు అని అప్పా ప్రతి పెళ్ళిలోనూ వివరిస్తారు, ఎవరూ వినరు. తిట్టడానికీ మాటలున్నాయి. తెలుగులో గొడ్రాలు, తమిళంలో మలడి. పిల్లలు లేని మగవాణ్ణి అనే మాట మాత్రం అటు అమ్మమ్మ నోటా, ఇటు పాట్టి నోటా నేనెప్పుడూ వినలేదు. ఇన్ని మాటలున్నా, “కనాలా వద్దా అని ఆలోచించుకుంటున్నాం” అని ఎవరైనా అంటే దానికేం జవాబు చెప్పాలో మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

పోయిన దీపావళికి మా పెద్దక్క ఆ మాటే అంది. పెద్దక్క అంటే మా పెద్దమ్మ కూతురు. వయసు 31. షోళింగనల్లూరులో ఒక కంపెనీలో ఉద్యోగం. పెళ్ళయి నాలుగేళ్ళయింది. ఎవరో పిన్ని అలవాటు ప్రకారం “విశేషమా?” అంటే, అక్క జంతిక కొరుకుతూ, “ఆలోచించుకుంటున్నాం పిన్నీ” అంది. హాల్లో ఒక్కసారి అందరూ సైలెంటయిపోయారు. పెద్దమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అమ్మమ్మ మాత్రం, “ఇందులో ఆలోచించేదేముందే? ఇదేమన్నా ఫ్రిడ్జి కొనడమా?” అంది.

అందరూ నవ్వారు. నాకు మాత్రం ఆ ప్రశ్న మనసులో ఉండిపోయింది. నిజంగానే, ఇందులో ఆలోచించేది ఏముంటుంది? ఎవరెలా ఆలోచించారు? ఆ తర్వాత నెలన్నర పాటు మా ఇంటి ఆడవాళ్ళని ఒక్కొక్కరినే అడిగాను.

ముందు అమ్మమ్మ. ఆమెకి ఏడు కాన్పులు, ఐదుగురు బతికారు. “ఆలోచించడానికి టైమెక్కడిదే? ఒకడు పాలు మానేలోపు ఇంకొకడు” అంది. మన దేశంలో కుటుంబ నియంత్రణ కార్యక్రమం మొదలైంది 1952లో. అమ్మమ్మ కాపురానికొచ్చేసరికి ఆస్పత్రి గోడల మీద ఎర్ర త్రికోణం బొమ్మలుండేవట, తర్వాత తర్వాత ‘మేమిద్దరం మాకిద్దరు’ అన్న నినాదం కూడా వచ్చింది. “చూసేదాన్ని. కానీ ఆ మాట మీ తాతతో అనాలంటే ఎలా మొదలుపెట్టాలి? దేవుడిచ్చినంతమంది అనేవారాయన. అందుకని నేనొక పని చేసేదాన్ని. కాన్పుకి గూడూరు పోయినప్పుడల్లా ఇంకో ఆర్నెల్లు పుట్టింట్లోనే ఉండిపోయేదాన్ని. ఒంట్లో బాగలేదని ఉత్తరం రాయించేదాన్ని. అదే నా ఆపరేషను.”

ఆ మాట చెప్పి అమ్మమ్మ నవ్వింది. ఆలోచించేదేముందే అన్న మనిషే ఆ రోజుల్లో తనకి దొరికిన ఒకే ఒక్క దారిలో ఆలోచించింది. కాకపోతే దాన్ని ఆలోచన అని పిలవడానికి ఆమెకి వీల్లేదు. ఒంట్లో బాగలేదు అనే పిలవాలి.

తర్వాత అమ్మ. అమ్మని అడగడం కష్టమైంది. ఎందుకంటే అమ్మ విషయంలో ఆ ప్రశ్న నా గురించే. మేమిద్దరం ఆడపిల్లలం. మా అక్క పుట్టిన మూడేళ్ళకి నేను. ములగాకు దూస్తూ కూర్చున్నప్పుడు అడిగేశాను. “అమ్మా, నన్ను కావాలనుకునే కన్నావా?”

అమ్మ ఆకు దూయడం ఆపలేదు. “అబ్బాయి కావాలని కన్నాం. నువ్వు పుట్టావు” అంది.

తెలిసిన విషయమే. అయినా అమ్మ నోటి నుంచి వింటే వేరేగా ఉంది. నేను పుట్టిన కబురు తెలిశాక పాట్టి మూడు రోజులు ఆస్పత్రికి రాలేదట. వచ్చిన రోజున, “పోదుంపొణ్ణు అని పేరు పెట్టండి” అందట. తమిళనాడు పల్లెల్లో ఇది నిజంగా ఉన్న పేరే. ‘పోదుం’ అంటే చాలు. ‘పొణ్ణు’ అంటే ఆడపిల్ల. వరసగా ఆడపిల్లలు పుడుతుంటే ఆఖరి పిల్లకి అలా పేరు పెడితే తర్వాత మగపిల్లవాడు పుడతాడని నమ్మకం. ‘వేండాం’ అని కూడా పెడతారు. అంటే వద్దు అని. బడిలో టీచరు హాజరు పిలిచినప్పుడల్లా “వద్దు” అంటే “ప్రెజెంట్ మిస్” అనాలి ఆ పిల్ల.

“నువ్వేమన్నావు?” అన్నాను.

“ఏమీ అనలేదు. అప్పటికే నిర్ణయం చేసేసుకున్నాను. ఆరో నెలలోనే మీ అప్పాతో చెప్పాను, ఈసారి ఎవరు పుట్టినా ఇంతటితో సరి అని. ఆయన అవుననలేదు, కాదనలేదు. కాన్పయిన రెండో రోజు నర్సమ్మ అడిగితే, ఆపరేషన్ చేసెయ్యండి అన్నాను. మీ పాట్టితో మాత్రం డాక్టరమ్మ చెప్పింది, మళ్ళీ కాన్పయితే ప్రాణానికి ముప్పని, అని చెప్పించాం. డాక్టరమ్మ అలాంటిదేం చెప్పలేదు.”

అప్పటికి అమ్మకి 26 ఏళ్ళు. పెళ్ళికోసం బి.ఎడ్. మధ్యలో మానేసింది. నాకు మూడేళ్ళొచ్చాక మళ్ళీ కట్టి పూర్తి చేసింది. ఇప్పుడు టీచరు. “చాలు అనుకున్నది నిన్ను చూసి కాదే. నన్ను చూసుకుని” అంది.

ఒకే మాట. చాలు. పోదుం. పాట్టి నోట్లో అది నా మీద పడ్డ మాట. అమ్మ నోట్లో అది అమ్మ బతుకు గురించి అమ్మ చెప్పుకున్న మాట. ఆ రాత్రి నేను చాలాసేపు నిద్రపోలేదు. కానీ ఏడుపు మాత్రం రాలేదు.

మా ఎకనామిక్స్ క్లాసులో 2017-18 ఆర్థిక సర్వే గురించి మేడమ్ చెప్పారు. ఆ ఏడు పుస్తకానికి గులాబీరంగు అట్ట వేశారు. అందులో ఒక లెక్క ఉంది. మన దేశంలో కుటుంబాలు ఎప్పుడు ఆగుతున్నాయో తెలియాలంటే ఆఖరి బిడ్డని చూడాలట. ఆఖరి బిడ్డల్లో మగపిల్లలే బాగా ఎక్కువ. అంటే కొడుకు పుట్టేదాకా కని, పుట్టాక ఆగుతున్నారన్నమాట. అలా కొడుకు కోసం ఎదురుచూస్తుండగా పుట్టిన ఆడపిల్లలు సుమారు 2 కోట్ల 10 లక్షల మంది అని అంచనా వేశారు. ఆ రోజు క్లాసులో నేను తల వంచుకుని నోట్సు రాసుకున్నాను. ఇప్పుడు ఆ లెక్క పక్కన ఇంకో వాక్యం రాసుకోవాలనిపిస్తోంది. మా ఇంట్లో ఆఖరి బిడ్డ ఆడపిల్లే. ఎందుకంటే ఒక 26 ఏళ్ళ అమ్మాయి అక్కడ ఆగింది.

అయితే ఆగడానికి కోత పడింది అమ్మ ఒంటిమీదే. అప్పా ఆపరేషన్ చేయించుకోవచ్చన్న ఆలోచన అప్పుడు ఎవరికీ రాలేదు. అది అమ్మ చేయించుకునేదానికన్నా తేలికైనదే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ వివాహిత స్త్రీలలో దాదాపు 38 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. భర్త చేయించుకున్నది 0.3 శాతం. కనడమైనా, ఆగడమైనా పని ఎవరి వంతుకొస్తోందో ఈ రెండు అంకెలు చూస్తే తెలిసిపోతుంది.

ఇక పెద్దక్క. తనతో మాట్లాడటానికి ఒక ఆదివారం బెసంట్ నగర్ బీచికి వెళ్ళాం. సుండల్ తింటూ అడిగాను, “ఎలా ఆలోచిస్తున్నారక్కా?” అని.

అక్కా, బావా చేసిన మొదటి పని, ఇద్దరూ వేరువేరుగా రెండు కాగితాల మీద రాసుకోవడం. ఎందుకు కావాలనిపిస్తోంది, ఏదంటే భయం. రాశాక కాగితాలు మార్చుకున్నారు. కావాలి అన్న వైపు ఇద్దరివీ దగ్గరదగ్గరగానే ఉన్నాయట. అక్కకి పసిపిల్లలంటే ప్రాణం. నన్ను ఎత్తుకుని తిరిగింది తనే. బావ వాళ్ళ నాన్న ఎప్పుడూ పనిమీద ఊళ్ళు తిరిగేవారు, తను అలా కాని నాన్నగా ఉండాలని బావ కోరిక. భయాల వైపు మాత్రం తేడా వచ్చింది. బావ రాసినవన్నీ డబ్బు గురించి. అద్దె, స్కూలు ఫీజు, ఇంటి లోను. అక్క రాసినవి రోజుల గురించి. రాత్రి ఎవరు లేస్తారు, జ్వరమొస్తే ఎవరు సెలవు పెడతారు, తన ప్రమోషను ఏమవుతుంది.

“అప్పుడు నేనొక ప్రశ్న అడిగానే. నాకు 26 వారాలు సెలవుంది. 27వ వారం, సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకి బిడ్డ ఎవరి చేతిలో ఉంటుంది?”

2017 నుంచి మొదటి ఇద్దరు పిల్లలకీ తల్లికి 26 వారాలు జీతంతో సెలవివ్వాలని చట్టం ఉంది. 50 మంది, అంతకుమించి పనిచేసే చోట పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలని కూడా ఉంది. తండ్రి విషయానికొస్తే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి 15 రోజులు. ప్రైవేటు ఉద్యోగికి ఇన్ని రోజులివ్వాలన్న చట్టమే లేదు, కంపెనీ దయ. బావ కంపెనీ పది రోజులిస్తుందట. సెలవంతా కాన్పు తర్వాతే వాడుకున్నా, 27వ వారానికి బిడ్డకి ఆర్నెల్లే. కూర్చోబెడితే పక్కకి ఒరిగిపోయే వయసు.

బావ వెంటనే, “మా అమ్మ వస్తుంది కదా” అన్నాడు. “అడిగావా?” అంది అక్క. అడగలేదు. అప్పటికప్పుడు ఫోన్ చేశాడు. కోయంబత్తూరు నుంచి అత్తగారు చెప్పిన జవాబు ఇది: “రెండు నెలలు వస్తాను నాయనా. అంతకన్నా నా మోకాళ్ళు ఒప్పుకోవు. మీ నాన్నకి షుగరు, ఆయన్నెవరు చూస్తారు?” ఆవిడ ఏడవలేదు, కోప్పడలేదు. నిజం చెప్పింది. ఇన్నాళ్ళూ ఆవిణ్ణి కూడా ఎవరూ అడగలేదు, ఆవిడే చూసుకుంటుందని అందరూ అనేసుకున్నారు.

అక్క ఫ్రెండ్స్ కథలు కూడా చెప్పింది. ఒకామె, ఆమె భర్త పిల్లలు వద్దనుకున్నారు. చుట్టాలతో మాత్రం ట్రీట్‌మెంటు జరుగుతోందని చెబుతారు. “జబ్బంటే జాలి పడతారే. నిర్ణయమంటే తిడతారు” అంది అక్క. నాకు వెంటనే అమ్మ చెప్పిన డాక్టరమ్మ గుర్తొచ్చింది, అమ్మమ్మ రాయించిన ఉత్తరం గుర్తొచ్చింది. మూడు తరాల నుంచీ అదే సాకు! ఇంకొకామె బిడ్డ కావాలని ఐదేళ్ళుగా నిజంగానే ఆస్పత్రుల చుట్టూ తిరుగుతోంది. ఆమె పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానేసింది, ఎవరో ఒకరు “విశేషమా?” అంటారని. వద్దనుకున్నవాళ్ళకీ, కావాలనుకున్నవాళ్ళకీ, ఇంకా తేల్చుకోనివాళ్ళకీ ఆ ఒక్క ప్రశ్న మూడు రకాలుగా గుచ్చుకుంటోంది. అడిగినవాళ్ళు మాత్రం కాఫీ తాగి వెళ్ళిపోతారు.

ఇంటికొచ్చాక ఆ బీచికి పేరున్న అనీబెసెంట్ గురించి చదివాను. అడయారులో దివ్యజ్ఞాన సమాజం నడిపినావిడ అనే నాకు తెలుసు. 1877లో లండన్‌లో, గర్భనిరోధం గురించిన ఒక చిన్న పుస్తకాన్ని అచ్చువేసినందుకు ఆవిడ మీద కేసు పెట్టారట. పై కోర్టులో శిక్ష తప్పింది. కానీ మరుసటి ఏడు, కూతుర్ని ఆవిడ దగ్గర ఉంచకూడదని కోర్టు చెప్పింది. దానికి చూపించిన కారణాల్లో ఆ పుస్తకం ఒకటి. ఎప్పుడు కనాలో జనం తేల్చుకోవచ్చని చెప్పినందుకు ఒక తల్లి తన బిడ్డకే దూరమైంది. మనం సుండల్ తింటూ ఆ సంగతి మాట్లాడుకోగలుగుతున్నామంటే అది ఊరికే వచ్చింది కాదు.

ఇప్పుడు మన ప్రభుత్వాలు కూడా ఈ ప్రశ్న అడుగుతున్నాయి. ఒకప్పుడు ఇద్దరు చాలన్నవాళ్ళే ఇంకా కనమంటున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇద్దరికన్నా ఎక్కువమంది పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో నిలబడకూడదని 1994లో చట్టం తెచ్చారు. 2024 నవంబరులో దాన్ని తీసేశారు. దానికి ముందు నెలలోనే చంద్రబాబు నాయుడు గారు ఎక్కువమందిని కనమన్నారు. అదే నెలలో ఇక్కడ చెన్నైలో ఒక సామూహిక వివాహంలో స్టాలిన్ గారు, జనాభా తగ్గితే పార్లమెంటు సీట్లు తగ్గుతాయంటున్నప్పుడు ఆ పదహారూ పిల్లలే ఎందుకు కాకూడదు అని సగం హాస్యంగా అన్నారు. అప్పా వివరణ అంతా ఆ రోజుతో వృథా అయింది. వాళ్ళ చింతకి కారణం లేకపోలేదు. ఒక్కో స్త్రీకి సగటున 2.1 మంది పుడితే జనాభా నిలకడగా ఉంటుందంటారు. ఆ 2019-21 సర్వేలోనే తమిళనాడులో అది 1.8, ఆంధ్రలో 1.7. ముసలివాళ్ళు పెరుగుతారు, పనిచేసేవాళ్ళు తగ్గుతారు. అదంతా నిజమే. కానీ 27వ వారం సోమవారం పొద్దున మా అక్క ఇంటికి ఏ ముఖ్యమంత్రీ రాడు. పిన్ని కూడా రాదు.

2019లో ప్రభుత్వమే చేసిన సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకి సగటున 299 నిమిషాలు చేస్తే మగవాళ్ళు 97 నిమిషాలు చేస్తున్నారని తేలింది. ఇంకా కనమని చెప్పేవాళ్ళు ముందు ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరం సంగతి మాట్లాడితే బాగుండును.

ఈ గొడవంతా అప్పా చెవిన పడుతూనే ఉంది. ఒక రోజు ఆయన బీరువాలోంచి పెరియార్ పుస్తకం ‘పెణ్ ఏన్ అడిమైయానాళ్’ తీసి నా టేబుల్ మీద పెట్టారు. అందులో గర్భనిరోధం గురించి ఒక అధ్యాయం ఉంది. మిగతావాళ్ళు ఆరోగ్యం కోసమో పేదరికం తగ్గడం కోసమో గర్భనిరోధం కావాలంటున్నారు, తాను మాత్రం ఆడవాళ్ళ స్వేచ్ఛ కోసం కావాలంటున్నానని దాని సారాంశం. చదివి అప్పాని అడిగాను, “ఇది చదివాక కూడా పాట్టికి డాక్టరమ్మ పేరెందుకు చెప్పారప్పా?” అని. అప్పా కాసేపు ఊరుకుని, “పుస్తకం చదవడం సులువమ్మా. అమ్మకి చెప్పడం కష్టం” అన్నారు. వంటింట్లోంచి అమ్మ, “ఆ కష్టమేదో నేను పడ్డాను లెండి” అంది.

పెద్దక్కావాళ్ళ నిర్ణయం ఇంకా కాలేదు. కానీ కాగితం ముందుకి జరిగింది. బావ తన ఆఫీసు పక్కన రెండు క్రెష్‌లు చూసొచ్చాడు. అక్క ఆఫీసు పక్కన కాదు, తన ఆఫీసు పక్కన. వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పని చేయనిస్తారా అని మేనేజర్ని అడిగాడట. మేనేజరు, “మీ మిసెస్ లేరా?” అన్నాడట. ఆ రోజు బావ ఇంటికొచ్చి చాలా కోపంగా ఉన్నాడు. “నేను ఎన్నేళ్ళుగా వింటున్న మాట నీకు ఒక్క రోజు వినబడింది” అంది అక్క. వచ్చే పొంగల్లోపు తేల్చుకుంటామంటున్నారు. అవునన్నా కాదన్నా ఇద్దరి పేరుతోనే చెబుతారట, డాక్టరు పేరుతో కాదు.

మన పార్ట్ ఒన్ తెలుగు క్లాసులో దాదాపు నలభై మందిమి ఉన్నాం. డిగ్రీ అవగానే పెళ్ళి అని ఇంట్లో మాట్లాడుకుంటున్నవాళ్ళు మనలో ఎంతమందో మనకి తెలుసు. పెళ్ళిచూపుల్లో వంట వచ్చా, పాట వచ్చా అని మనల్ని అడుగుతారు. మనం కూడా ఒకటి అడగొచ్చు. పిల్లలు కావాలా అని కాదు. దానికి అందరూ కావాలనే అంటారు. 27వ వారం సోమవారం పొద్దున ఎనిమిదిన్నరకి మీరెక్కడుంటారు అని.